అన్‌లిమిటెడ్ అనే మాట వెనక కథ: తంతి మాటల లెక్క నుంచి 64 కేబీపీఎస్ దాకా



మన గ్రూపులో నెల రోజులుగా ఒకే ప్రశ్న తిరుగుతోంది. "అన్‌లిమిటెడ్ అని రీఛార్జ్ చేయించాం కదా, సాయంత్రం అయ్యేసరికి నెట్ ఎందుకు పాకుతోంది?" ఒకరు టవర్ బాగోలేదన్నారు, ఒకరు ఫోను పాతదన్నారు, ఇంకొకరు కంపెనీవాళ్ళు దొంగలన్నారు. మూడింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ ఈ విషయానికి నూట డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే ఎవరిని ఏమడగాలో తెలుస్తుంది. కొంచెం పెద్ద పోస్టు. టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందే ఒక మాట. వైరు మీద, గాలి మీద కబురు పంపడంలో హద్దు లేని రోజు ఎప్పుడూ లేదు. ఒకప్పుడు హద్దు మాటల లెక్కలో ఉండేది, తర్వాత నిమిషాల్లోకి వచ్చింది, తర్వాత దూరంలోకి, తర్వాత ఎంబీల్లోకి, ఇప్పుడు స్పీడులోకి వచ్చింది. తేడా ఒక్కటే. అప్పట్లో హద్దు బోర్డు మీద రాసి ఉండేది.

తంతి రోజులు

మన దేశంలో మొదటి టెలిగ్రాఫ్ లైను 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కి వేశారు. వేసినవాడు ఓషాగ్నెసీ అనే డాక్టరు. 1855లో జనానికి తెరిచారు. అప్పటికి మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా అలాగే ఉంది. పాలన మారినా తంతి పద్ధతి మారలేదు. మాటకి ఇంత అని లెక్క. అందుకే మనవాళ్ళు "తండ్రికి సీరియస్, వెంటనే రా" అని నాలుగు మాటల్లో గుండె ఆగేట్టు కబురు పంపేవారు. పెళ్ళి శుభాకాంక్షలకైతే నంబర్లు ఉండేవి. నంబరు రాసిస్తే వాక్యం మొత్తం అవతల వచ్చేది, డబ్బు మిగిలేది.

అందులోనూ రెండు తరగతులు: ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్. ఎక్కువ ఇస్తే ముందు వెళ్తుంది. ఎవరికీ ఫిర్యాదు లేదు, ఎందుకంటే రేటు కౌంటర్ దగ్గరే తెలిసేది. 2013 జూలైలో తంతి సర్వీసు ఆగిపోయేదాకా మాటల లెక్క పోలేదు.

ట్రంక్ కాల్, లూప్ లైను

తర్వాత ట్రంక్ కాల్. నలభై దాటినవాళ్ళకి గుర్తుంటుంది. ఎక్స్ఛేంజీలో బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. అర్జెంట్‌కి రెట్టింపు, లైట్నింగ్‌కి ఎన్నో రెట్లు. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో దూరి "త్రీ మినిట్స్" అనేది.

రైల్వే వాళ్ళకి ఇది బాగా తెలిసిన సంగతే. లైను సింగిల్‌గా ఉన్న రోజుల్లో ప్యాసింజర్ బండిని లూప్ లైన్లో పెట్టి మెయిల్‌ని వదిలేవాళ్ళం. ప్యాసింజర్‌లో వాళ్ళు తిట్టుకునేవారు, కానీ మోసం అనేవారు కాదు. టికెట్ కొన్నప్పుడే అది ప్యాసింజర్ అని తెలుసు, టైం టేబుల్ గోడ మీద ఉంది. మెయిల్ టికెట్ కొన్నవాణ్ణి తీసుకెళ్ళి చెప్పకుండా లూప్‌లో పెడితేనే గొడవ. ఈ పోలిక గుర్తుంచుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

పసుపు బోర్డుల కాలం

1960లో లక్నో, కాన్పూర్ మధ్య మొదటి ఎస్.టి.డి. వచ్చింది. అది ఊరూరా చేరడానికి పాతికేళ్ళు పట్టింది. 1984లో సి-డాట్ పెట్టి మన వాతావరణానికి తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీలు తయారు చేయించారు. దాని వెనకున్న శామ్ పిట్రోడా పుట్టింది మన ఒడిశాలోని టిట్లాగఢ్‌లోనే.

బరంపురంలో గిరి రోడ్డు, బడా బజార్, కోర్టుపేట, ఎటు చూసినా పసుపు రంగు పి.సి.ఓ. బోర్డులు. పగలు పూర్తి రేటు, సాయంత్రం తగ్గింపు, రాత్రి 11 దాటితే పావు రేటు. అందుకే పదిన్నరకే బూత్ ముందు క్యూ. లైన్లు పగలు నిండిపోతాయి, రాత్రి ఖాళీగా ఉంటాయి, కాబట్టి రాత్రికి చవక. ఇదీ నెట్‌వర్క్ రద్దీని సర్దే పద్ధతే. కానీ స్పీడు తగ్గించి కాదు, రేటు మార్చి. ఎర్ర అంకెల మీటరు కళ్ళ ముందు తిరిగేది. ఎప్పుడు ఆపాలో మాట్లాడేవాడి చేతిలో ఉండేది.

ఇచ్ఛాపురం దాటితే రోమింగ్

1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు గారు ఢిల్లీలో సుఖ్‌రామ్ గారికి దేశంలో మొదటి మొబైల్ కాల్ చేశారు. లైసెన్సులు సర్కిళ్ళ వారీగా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ 'ఎ' సర్కిల్, ఒరిస్సా 'సి' సర్కిల్. ఈ గీత దెబ్బ మనకి తగిలినట్టు ఇంకెవరికీ తగల్లేదు. బరంపురంలో ఇల్లు, ఇచ్ఛాపురంలో వియ్యంకులు, మధ్యలో గంట ప్రయాణం కూడా లేదు. కానీ ఇచ్ఛాపురంలో దిగగానే ఫోను రోమింగ్‌లోకి పోయేది. వచ్చిన కాల్‌కి కూడా డబ్బు. మిస్డ్ కాల్ అనే భాష అలా పుట్టింది. ఒకసారి మోగితే చేరాం, రెండుసార్లు మోగితే తిరిగి చెయ్యి.

2003 మే నుంచి వచ్చే కాల్స్‌కి డబ్బు పోయింది. 2006 మార్చిలో బి.ఎస్.ఎన్.ఎల్. వన్ ఇండియా ప్లానుతో దేశమంతా నిమిషానికి రూపాయి అయింది. 2015 జూన్ నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. రోమింగ్‌లో వచ్చే కాల్స్ ఉచితం చేసింది. అంటే దూరం అనే హద్దు పోవడానికి మొదటి మొబైల్ కాల్ నుంచి ఇరవై ఏళ్ళు.

నెట్ వచ్చింది, బిల్లు వచ్చింది

ఇంటర్నెట్ జనానికి 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. ముందు మహానగరాల్లో. డయలప్, గంటల లెక్క. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో కనీసం 256 కేబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అని ప్రభుత్వం రాసింది. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ వచ్చింది. నెలకి ఇంత డేటా, దాటితే ఎంబీకి ఇంత. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఎంత వాడినా లెక్క లేదు. కుర్రాళ్ళు అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ పెట్టేవారు. అలారం మోగక ఉదయం 9 దాకా నడిపిన ఇంట్లో నెలాఖరుకి వేలల్లో బిల్లు.

ఇక్కడ కంపెనీల వైపు న్యాయం కూడా చెప్పాలి. ఈ బిల్లుల భయానికి మందుగానే అన్‌లిమిటెడ్ ప్లాను వచ్చింది. "హద్దు దాటినా అదనంగా డబ్బు అడగం, స్పీడు మాత్రం తగ్గిస్తాం" అన్నారు. దీనికి పెట్టిన పేరు ఫెయిర్ యూసేజ్ పాలసీ, ఎఫ్.యు.పి. పద్ధతిగా చూస్తే తప్పు లేదు. కనీసం ఇంటి యజమాని నిద్రపోగలడు. తప్పు పేరులో వచ్చింది. హద్దుని డబ్బు నుంచి తీసి స్పీడులో పెట్టి, హద్దే లేదని పేరు పెట్టారు.

2012 జూలైలో ట్రాయ్ కలగజేసుకుంది. ఎంత డేటా దాకా ఎంత స్పీడు, దాటాక ఎంత స్పీడు, ఇవి కస్టమర్‌కి స్పష్టంగా చెప్పాలంది. 2016 అక్టోబరు 31న ఇంకో ఆదేశం ఇచ్చింది. ఇంటికి వచ్చే ఫిక్స్‌డ్ బ్రాడ్‌బ్యాండ్‌లో హద్దు దాటాక కూడా 512 కేబీపీఎస్ కంటే తగ్గించకూడదు. మంచి ఆదేశం. కానీ చూడండి, ఇది వైరు నెట్‌కి మాత్రమే. మొబైల్‌కి ఆ కింది గీత గీయలేదు. మన సంఘంలో వైరు నెట్ ఉన్న ఇళ్ళు ఎన్ని, కేవలం ఫోను మీద బతికే ఇళ్ళు ఎన్ని? మీకే తెలుసు.

64 అంటే ఎంత?

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. మొదట రోజుకి 4 జీబీ ఉచితం, తర్వాత న్యూ ఇయర్ ఆఫర్‌లో రోజుకి 1 జీబీ. దాటితే 128 కేబీపీఎస్. తర్వాతి ప్లాన్లలో అది 64కి దిగింది. మిగతా కంపెనీలు కూడా రోజు కోటా పద్ధతికే వచ్చాయి. దీనివల్ల జరిగిన మేలు కాదనలేం. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్లో సినిమా ఆడింది.

ఇప్పుడు గుమాస్తా లెక్క చెప్తాను. 64 కిలోబిట్లు అంటే సెకనుకి 8 కిలోబైట్లు. ఒక ఎంబీ ఫోటో రావడానికి రెండు నిమిషాలు. పిల్లవాడి 10 ఎంబీ నోట్సు దిగడానికి ఇరవై నిమిషాల పైన. మీరు నిద్రపోకుండా ఇరవై నాలుగు గంటలూ ఆ స్పీడులో లాగినా వచ్చేది సుమారు 690 ఎంబీ. ఒకటిన్నర జీబీలో సగం కూడా కాదు. అంటే ఆ "హద్దు లేని" భాగానికి కూడా లెక్కగట్టిన హద్దు ఉంది.

ఇంకో లెక్క. 20 ఎంబీపీఎస్ స్పీడు వస్తే ఒకటిన్నర జీబీ పది నిమిషాల్లో అయిపోతుంది. స్పీడు పెరిగిన కొద్దీ కోటా తొందరగా కరుగుతుంది. ఫోను తనంతట తాను యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటే మీరు వాడకుండానే ఖాళీ.

పాత డిజిటల్ ఎక్స్ఛేంజీలో ఒక్క ల్యాండ్‌లైన్ కాల్‌కి ఇచ్చే దారి కూడా సరిగ్గా 64 కేబీపీఎస్. కోటా అయ్యాక మనకి మిగిలేది ఒక ల్యాండ్‌లైన్ మాట పట్టేంత సందు. 2023 జనవరిలో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ అని మార్చింది. అందులో 64 ముప్పై ఒకటో వంతు.

రెండు రకాల నెమ్మది

అన్ని నెమ్మదులూ ఒకటి కావు. ఒకటి రద్దీ. టవర్ గాలి అందరిదీ. ఠాకురాణి యాత్రలో జనం కిక్కిరిస్తే ఫోను తిరుగుతూనే ఉంటుంది. ఇది అందరికీ ఒకేసారి వస్తుంది, జనం తగ్గితే పోతుంది. రెండోది కోటా నెమ్మది. ఇది మీ ఒక్క నంబరుకే వస్తుంది, అర్ధరాత్రి 12కి గడియారం కొట్టినట్టు పోతుంది. పక్కవాడి ఫోన్లో అదే కంపెనీ నెట్ బాగా నడుస్తూ మీది ఆగితే రెండోదే. మొదటిదానికి టవర్ కావాలి, రెండోదానికి కంపెనీ నియమం మారాలి. ఫిర్యాదు రాసేముందు ఏదో తేల్చుకోండి.

నా సంగతే చెప్తాను, కంపెనీ పేరు అనవసరం. కిందటేడు వరసగా కొన్ని రోజులు రాత్రి 9కి మనవరాలి వీడియో కాల్ బొమ్మ ఆగిపోయింది. కాల్ సెంటర్ అమ్మాయి "మీ అన్‌లిమిటెడ్ ప్లాన్ యాక్టివ్‌గానే ఉంది సర్" అంది. అబద్ధం కాదు. నియమాల పేజీలో అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, కోటా తర్వాత 64 అని ఉంది. ప్లాను పేరు మాత్రం బొటనవేలంత.

నాన్నగారి ఉద్యోగం వల్ల నా చదువంతా తమిళ మీడియం. అక్కడి హోటళ్ళలో ఒక బోర్డు ఉండేది, "అళవు సాప్పాడు" అని. అంటే కొలత భోజనం. ఇంత అన్నం, ఇంత కూర, ఇంత ధర. పక్కనే ఫుల్ మీల్స్ ధర. డబ్బు తక్కువున్నవాడు తలెత్తుకుని కొలత భోజనం తిని వచ్చేవాడు. అందులో అవమానం లేదు. ఫుల్ మీల్స్ అని కూర్చోబెట్టి, రెండోసారి అన్నం అడిగితే మెతుకు మెతుకు లెక్కపెట్టి వేస్తే అది అవమానం. రైల్వే సీజన్ టికెట్ కూడా అంతే. నెలంతా ఎన్నిసార్లైనా తిరగొచ్చు, కానీ రిజర్వేషన్ పెట్టె ఎక్కకూడదని ముందే చెప్తాం. కొలత పెట్టడం నేరం కాదు, దాచడమే నేరం.

అవసరం వచ్చిన రోజు

సినిమా ఆగితే కొంప మునగదు. కానీ 2020 చూడండి. సూరత్ మగ్గాల నుంచి మన గంజాం కుర్రాళ్ళు శ్రామిక్ రైళ్ళలో జగన్నాథపూర్‌లో దిగిన రోజులు. బడులు మూతపడి పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. ఇంట్లో ఒక ఫోను, ఇద్దరు పిల్లలు, ఒకటిన్నర జీబీ. పెద్దవాడి క్లాసు అయ్యేసరికి చిన్నదానికి 64 మిగిలేది.

సరిగ్గా ఆ ఏడాదే ఎయిర్‌టెల్ ప్లాటినం, వొడాఫోన్ ఐడియా రెడ్‌ఎక్స్ అని ప్లాన్లు వచ్చి ఉన్నాయి. ఎక్కువ కట్టేవాళ్ళకి ఎక్కువ స్పీడు, ముందు వరస. జూలైలో ట్రాయ్ వాటిని ఆపమంది. మీకు ముందు వరస ఇస్తే మిగతావాళ్ళ స్పీడు ఏమవుతుందో చెప్పండి అని అడిగింది. వొడాఫోన్ ఐడియా ట్రిబ్యునల్‌కి వెళ్ళి తాత్కాలిక ఊరట తెచ్చుకుంది. నాకైతే పాత లైట్నింగ్ కాల్ గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే అప్పుడు ఆర్డినరీ వాడికి తాను ఆర్డినరీ అని తెలుసు.

అమెరికాలోనూ ఇదే కథ. ఏటీ అండ్ టీ కంపెనీ 2011 నుంచి అన్‌లిమిటెడ్ కస్టమర్ల స్పీడు తగ్గించింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కేసు వేసింది. సరిగా చెప్పకుండా తగ్గించడం మీద. 2019లో 6 కోట్ల డాలర్లకి రాజీ అయింది. 2018లో కాలిఫోర్నియా అడవి మంటల్లో ఉన్న శాంటా క్లారా అగ్నిమాపక శాఖ బండికి వెరైజాన్ స్పీడు రెండొందల వంతుకి పడిపోయింది. వాళ్ళదీ అన్‌లిమిటెడ్ ప్లానే. ఇంకా ఖరీదైన ప్లాను కొనమన్నారు. తర్వాత కంపెనీ పొరపాటైందని ఒప్పుకుంది.

అదే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంజాం, గజపతి వరదల్లో మునిగాయి. 2013లో ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పట్లో హెచ్చరిక రేడియోలో, మైకులో వచ్చేది. ఇప్పుడు అందరూ చూసేది ఫోన్లో తుఫాను బొమ్మ. అలాంటి రాత్రి కోటా అయిపోయిన ఫోనుకి ఆ బొమ్మ ఎంతసేపటికి తెరుచుకుంటుంది? మన పెన్షనర్లు నవంబరులో జీవన్ ప్రమాణ్ ఇచ్చేది కూడా ఈ ఫోన్లోనే.

ఇప్పుడు ఎక్కడున్నాం

2024 జూలైలో రేట్లు పెరిగాయి. అన్‌లిమిటెడ్ 5జీ కావాలంటే రోజుకి 2 జీబీ, ఆ పైన ప్లాన్లే తీసుకోవాలని జియో మార్చింది. అదే ఏడాది డిసెంబరులో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. డేటా వాడని పెద్దవాళ్ళ కోసం మాటలకి, ఎస్ఎంఎస్‌కి మాత్రమే ప్లాన్లు పెట్టమంది. అడిగితే వస్తుందనడానికి ఇది సాక్ష్యం. 2015లో నెట్ సమానత్వం కోసం పది లక్షల పైన ఈమెయిళ్ళు వెళ్ళాయి, 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ వివక్ష రేట్లని నిషేధించింది.

ఒక్కొక్కరం చేయగలిగినవి:

1. రీఛార్జ్ చేసే ముందు "కోటా అయ్యాక స్పీడు ఎంత?" అని షాపులో గట్టిగా అడగండి. నలుగురు వినాలి.
2. యాప్‌లు వాటంతట అవి అప్‌డేట్ కాకుండా సెట్టింగ్ మార్చండి. రాకపోతే మనవళ్ళని అడగండి.
3. సమస్య వస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు, నంబరు తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు.
4. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. టెలికం కేసులు అక్కడ నడవవని 2009 తీర్పు చూపించి పంపేసేవారు. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు నడుస్తాయని తేల్చింది. హెల్ప్‌లైన్ 1915.

సంఘంగా చేయవలసింది ఇంకొకటి. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు ఇదే లైను మీద బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులని ఒక్కటి చేశారు. ఒక్కడు అడిగితే అర్జీ, అందరూ అడిగితే డిమాండ్. ట్రాయ్‌కి ఒక ఉత్తరం రాద్దాం. రెండే కోరికలు. ఒకటి, ప్లాను పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో కోటా తర్వాతి స్పీడు కూడా అంత పెద్ద అక్షరాల్లో, ఒడియాలో, తెలుగులో వేయాలి. రెండు, వైరు నెట్‌కి ఇచ్చిన 512 గీత మొబైల్‌కి కూడా ఇవ్వాలి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో కోటా కోత ఉండకూడదని మూడోది చేర్చాలా వద్దా, మీరే చెప్పండి.

ఈ నెల మీటింగ్‌కి వచ్చేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ మీ ప్లాను ధర, రోజు కోటా, కోటా తర్వాతి స్పీడు ఒక చీటీ మీద రాసుకురండి. స్పీడు దొరక్కపోతే "దొరకలేదు" అని రాయండి. ఉత్తరానికి జతచేయడానికి అంతకంటే మంచి కాగితం లేదు.

ఇట్లు,
మీ రిటైర్డ్ రైల్వే గుమాస్తా, బరంపురం